పక్కనున్నవాళ్లు నిలబడతారన్న నమ్మకం

2024 మార్చిలో ఒక ఆదివారం పొద్దున మా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు. ఏటూరునాగారం అడవి అంచున మా బడిలో అక్షరాలు దిద్దినవాడు. డీఎడ్ చేశాడు. ఇప్పుడు హైదరాబాదులో హైటెక్ సిటీ దగ్గర ఒక పెద్ద అద్దాల భవనం గేటు ముందు సెక్యూరిటీ పని చేస్తున్నాడు.

"జాతరకు పోనియ్యలే సార్. అది వోనీ. పన్నెండు గంటల డ్యూటీల నన్ను పేరు పెట్టి పిలిచినోళ్లు ఒక్కరు లేరు. సెక్యూరిటీ అంటరు, అంతే. డీఎస్సీ పడింది రాయమంటున్నరు గద, నేను రాయ. ఇగ నాతోని కాదు."

పని బరువు గురించి గానీ, జీతం తక్కువ గురించి గానీ అతను ఒక్క మాట కూడా అనలేదు. 'నాతోని కాదు' అన్నాడు. ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. వేసవి సెలవులు రాగానే మేము ముగ్గురు టీచర్లం హన్మకొండ మీదుగా బస్సెక్కి ఉప్పల్‌లో దిగాం. అక్కడి నుంచి రాయదుర్గం దాకా ఒకే మెట్రో. పల్లె బస్సు చెమట ఆరకముందే హైటెక్ సిటీ చల్లటి గాలి తగిలింది.

1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు మేము టీటీసీ చదివే వయసులో ఉన్నాం. ఆ గుండ్రటి భవనం బొమ్మను పేపర్లో చూశాం. అది మన కోసం కట్టింది కాదులే అనుకున్నాం. ఇరవై ఐదేళ్ల తర్వాత మన పిల్లలు అక్కడే ఉన్నారు. గేట్ల దగ్గర, లిఫ్టుల దగ్గర, క్యాంటీన్ల వెనక, బాత్రూముల్లో, బైకుల మీద పార్సిళ్లతో ఉన్నారు. కొద్దిమంది కంప్యూటర్ల ముందూ ఉన్నారు.

ఆ రాత్రి సిద్ధిక్‌నగర్‌లో వాళ్ల గదిలోనే పడుకున్నాం. ఒక్క గది, ఏడుగురు మనుషులు. పగటి డ్యూటీ వాళ్లు వచ్చే వేళకు రాత్రి డ్యూటీ వాళ్లు వెళ్లిపోతారు కాబట్టి చాపలు సరిపోతాయి. అన్నం తింటూ జాతర సెలవుల సంగతి అడిగాం.

ఆ ఏడు మేడారం జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది. రెండేళ్లకోసారి వచ్చే జాతర. మన ఇంటి దేవతలు గద్దెకు వచ్చే రోజులు. గదిలో వాళ్లందరూ ఒకే కాంట్రాక్టరు కింద పనిచేస్తారు, కానీ రెండు వేర్వేరు భవనాల్లో. మొదటి భవనంలో సూపర్‌వైజరు నెల ముందే అందరినీ కూర్చోబెట్టాడు. "అందర్నీ ఒక్కసారి పంపలేను. సగం మంది మొదటి రెండు రోజులు, సగం మంది చివరి రెండు రోజులు. ఎవరెప్పుడో మీరే తేల్చుకోండి" అన్నాడు. వాళ్లే తేల్చుకున్నారు. మా విద్యార్థి ఉన్న రెండో భవనంలో అడిగినప్పుడల్లా "చూద్దాం, పోదురులే" అంటూ వచ్చారు. బయలుదేరే ముందు రోజు సాయంత్రం కుదరదన్నారు. మాటకు ఎదురు చెప్పిన పిల్లవాడికి రెండు రోజుల జీతం కోశారు.

మేము వెళ్లేసరికి మొదటి భవనంలో ఒక్కరూ పని మానలేదు. రెండో భవనంలో తొమ్మిది మందిలో ఐదుగురు వెళ్లిపోయారు. జీతం రెండు చోట్లా ఒకటే. గంటలూ, యూనిఫాం రంగూ కూడా ఒకటే.

ఆఫీసుల్లో దీన్ని 'మొరేల్' అంటారని అక్కడ కంప్యూటర్ పని చేసే మా ఊరి అమ్మాయి చెప్పింది. పేపర్లలో 'మనోధైర్యం' అని, 'నైతిక స్థైర్యం' అని రాస్తుంటారు. మేము చాలాకాలం దాన్ని ఉత్సాహం అనుకున్నాం. బడిలో చప్పట్లు కొట్టించడం, గోడల మీద మంచి మాటలు రాయించడం చేశాం. ఆ రాత్రి మాటలు విన్నాక అది ఉత్సాహం కాదనిపించింది. ఉత్సాహం ఒక మనిషిలో పొద్దున పుట్టి సాయంత్రానికి పోవచ్చు. మనోధైర్యం మాత్రం ఒంటరి మనిషిది కాదు, గుంపుది. నాకు చెప్పిన మాట నిజమేనన్న నమ్మకం, పక్కనున్నవాళ్లు నిలబడతారన్న నమ్మకం, ఈ పనిలో నాకో పేరుందన్న నమ్మకం కలిస్తేనే అది ఉంటుంది. ఇందులో ఒకటి విరిగితే మనిషి ఇంకా పనికి వస్తూనే ఉంటాడు. కానీ లోపల 'నాతోని కాదు' మొదలవుతుంది.

గమనించండి, రెండో భవనంలో పిల్లల్ని విరిచింది సెలవు ఇవ్వకపోవడం కాదు. మొదటి భవనంలోనూ అందరికీ నాలుగు రోజులు దొరకలేదు. 'పోదురులే' అన్న అబద్ధమే వాళ్లను విరిచింది.

ఈ అబద్ధం సంగతి హైటెక్ సిటీకి కొత్త కాదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు ఒక ఉత్తరంలో తన కంపెనీ లెక్కలు తప్పుడివని ఒప్పుకున్నారు. కాగితం మీద ఉన్న వేల కోట్ల రూపాయలు నిజానికి లేవు. ఆ ఒక్కరోజే షేరు ధర నాలుగింట మూడొంతులకు పైగా పడిపోయింది. కంపెనీ లెక్కలో ఉద్యోగులు దాదాపు 53 వేల మంది. వాళ్లలో చాలామంది మొదటి తరం చదువుకున్నవాళ్లు. ఇంటి అప్పు, చెల్లెలి పెళ్లి, తండ్రి మందులు, అన్నీ ఆ జీతం మీదే ఆధారపడ్డవాళ్లు. నెలాఖరుకు జీతం వస్తుందో రాదో తెలియదు.

ఆ కబురు మన గూడేలకూ చేరింది. ఎందుకంటే 108 అంబులెన్సును 2005లో మొదలుపెట్టిన సంస్థ కూడా ఆయన పెట్టిందే. అప్పటికే గర్భిణులను డోలీ మీద మోసుకొచ్చి రోడ్డు దగ్గర 108 కోసం ఎదురుచూడటం మనవాళ్లకు అలవాటైంది. "ఇగ ఆ బండి వస్తదా సార్?" అని మమ్మల్ని అడిగారు. బండి వచ్చింది. అదే ఏడాది ఆ సంస్థ బాధ్యతను జీవీకే తీసుకుంది. పైన ఏం జరుగుతున్నా ఫోన్ ఎత్తినవాళ్లు, బండి నడిపినవాళ్లు తమ పని ఆపలేదు.

సత్యం కంపెనీలో జరిగింది కూడా చూడాలి. రెండు రోజుల్లోనే కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తప్పించింది. కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, సి. అచ్యుతన్ కొత్త బోర్డులోకి వచ్చారు. తర్వాత మరో ముగ్గురు చేరారు. వాళ్ల ముందున్న మొదటి పనుల్లో జీతాలకు డబ్బు చూడటం ఒకటి. ఫిబ్రవరిలో బయటివాళ్లను కాకుండా, లోపలే చాలా ఏళ్లుగా పనిచేసిన ఎ.ఎస్. మూర్తిని సీఈవోగా పెట్టారు. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా కంపెనీని కొనడానికి ఎంపికైంది. 2013లో రెండూ ఒకటయ్యాయి. 2015 ఏప్రిల్లో ప్రత్యేక కోర్టు రామలింగరాజుకు, మరికొందరికి ఏడేళ్ల శిక్ష వేసింది.

తప్పుడు లెక్కలు రాసింది పైన కొద్దిమంది. కింద వేలమంది మాత్రం ఆ మూడు నెలలు తమ సీట్లలో కూర్చుని పని చేశారు. కంపెనీ నిలబడటానికి అమ్ముడుపోయే విలువ ఏదైనా మిగిలిందంటే, అది బ్యాంకులో లేని డబ్బు కాదు, వాళ్ల పనే. అయితే కథను తీపిగా ముగించలేం. చేతులు మారాక, పని లేదన్న వేలమందిని 'వర్చువల్ పూల్' అని పేరు పెట్టి, తగ్గించిన జీతంతో ఇంట్లో కూర్చోబెట్టారు. గుంపు నిలబడితే గుంపులో అందరూ మిగులుతారని హామీ లేదు. కానీ గుంపు చెదిరిపోయి ఉంటే మిగిలేవాళ్లు ఇంకా తక్కువ.

యాజమాన్యాలకు ఈ సంగతి వందేళ్ల క్రితమే తెలుసు. అమెరికాలో షికాగో దగ్గర హాథార్న్ అనే చోట టెలిఫోన్ సామాన్లు చేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా పరీక్షలు చేశారు. దీపాల వెలుగు పెంచితే పని పెరుగుతుందా అని చూడబోతే, తగ్గించినప్పుడు కూడా పెరిగినట్టు కనిపించింది. తమను ఎవరో పట్టించుకుంటున్నారు, అడుగుతున్నారు అన్నదే తేడా తెచ్చిందని ఎల్టన్ మేయో వంటివారు చెప్పారు. ఆ లెక్కలు అంత గట్టివి కావని తర్వాతివాళ్లు తప్పుపట్టారు కూడా. మాకు ఎక్కువ నచ్చింది అక్కడి ఇంకో పరీక్ష. ఒక గదిలో పద్నాలుగు మంది మగవాళ్లు పని చేసేవారు. రోజుకు ఎంత పని సరైనదో వాళ్లలో వాళ్లే ఒక కొలత పెట్టుకున్నారు. మరీ ఎక్కువ చేసేవాణ్ణీ, మరీ తక్కువ చేసేవాణ్ణీ ఇద్దర్నీ దారికి తెచ్చేవారు. అంటే గుంపు బలం ఎప్పుడూ యజమాని చెప్పిన వైపే నడవదు. అది తన న్యాయం తాను చూసుకుంటుంది.

ఇది మనకు ఏ ప్రొఫెసరూ చెప్పక్కర్లేదు. ఎండాకాలం తునికాకు కల్లం దగ్గర నిలబడినవాళ్లెవరికైనా తెలుసు. యాభై ఆకులు ఒక కట్ట. తెల్లవారకముందే అడవికి పోయి, మధ్యాహ్నం కట్టలు కట్టి, సాయంత్రం కల్లానికి మోసుకొస్తారు. ఒక ఏడు కల్లేదారు ఒక ముసలవ్వ కట్టలు చూసి ఆకు చిన్నదని పక్కకు నెట్టాడు. వెనక వరసలో ఉన్న ఆడవాళ్లు ఏమీ అరవలేదు. తమ కట్టలు నెత్తి మీద నుంచి దించలేదు, అంతే. పొద్దు గూకుతోంది. కాసేపటికి అవ్వ కట్టలు లెక్కలోకి వచ్చాయి. అప్పుడు మేము బడి పిల్లలం. ధైర్యం అన్న మాటకు మేము చూసిన మొదటి అర్థం అదే.

అందుకే ఇంకో మాట తెగేసి చెప్పాలి. మనోధైర్యం అంటే నోరు మూసుకుని నవ్వుతూ పని చేయడం కాదు. 2020 లాక్‌డౌన్‌లో హైటెక్ సిటీ ఖాళీ అయింది. కంప్యూటర్ ఉద్యోగాలు ఇళ్లకు వెళ్లాయి. గేట్లు, క్యాంటీన్లు, క్యాబులు ఏ ఇంటికీ వెళ్లలేవు కదా. అదే సమయంలో సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న వలస కూలీలు ఆగిపోయారు. జీతాలు బాకీ. ఊరికి ఎప్పుడు పంపుతారో చెప్పేవాళ్లు లేరు. ఏప్రిల్ 29న వాళ్లు రోడ్డెక్కారు. పోలీసులతో ఘర్షణ జరిగింది. మే 1న తెల్లవారకముందే, ఐటీ కారిడార్ అంచున ఉన్న లింగంపల్లి స్టేషన్ నుంచి దాదాపు 1,200 మందితో ఒక రైలు జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. దేశంలో వలస కూలీల కోసం లాక్‌డౌన్‌లో నడిచిన మొదటి రైలు అదే. జార్ఖండ్ అంటే ముండా, ఒరాన్, సంతాల్ ప్రజల నేల. అంటే మన చుట్టాల నేలే.

ఆ రోజు వాళ్ల మనోధైర్యం పడిపోయిందని కొందరు రాశారు. మేము అలా అనుకోం. కంపెనీ మీద నమ్మకం పడిపోయింది. ఒకరి మీద ఒకరికి నమ్మకం నిలిచే ఉంది. అది నిలిచింది కాబట్టే అంతమంది కలిసి అడగగలిగారు.

అదే నెల, ఏప్రిల్ 22న, మా గుండె మీద కూడా ఒక దెబ్బ పడింది. 2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3 వల్ల ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే దక్కేవి. బయటి నుంచి వచ్చిన టీచర్లు బడికి సరిగా రాకపోవడం దానికి చెప్పిన పెద్ద కారణం. మాలో చాలామంది ఆ జీవోతోనే ఈ కుర్చీలో కూర్చున్నాం. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ రోజు దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరిన మా ఉద్యోగాలు పోలేదు. కానీ మా వెనక వస్తున్న పిల్లల దారి ఇరుకైంది. 'డీఎడ్ చెయ్యి రా, మన బడి మనదే' అని మేమే ఎంతోమందిని పంపాం. గేటు దగ్గర నిలబడిన ఈ పిల్లవాడు వాళ్లలో ఒకడు.

కాబట్టి సిద్ధిక్‌నగర్ గదిలో కూర్చుని సూపర్‌వైజరు అబద్ధం గురించి వింటుంటే మాకు సిగ్గు కూడా వేసింది. మేము చెప్పిన మాట కూడా నిలవలేదు. తప్పు మాది కాకపోవచ్చు. తీర్పు వచ్చిన తర్వాత నాలుగేళ్లలో మేము ఆ పిల్లల్ని కూర్చోబెట్టి "దారి ఇలా మారింది, ఇప్పుడు ఇంత పోటీ ఉంది, ఇలా చదవాలి" అని నిజం చెప్పామా? చెప్పలేదు. 'చూద్దాంలే' అన్నాం. మేమూ రెండో భవనం సూపర్‌వైజర్లమే.

ఆ రాత్రి ఆ మాట వాళ్ల ముందే ఒప్పుకున్నాం. మా విద్యార్థి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీరు చెప్పకపోయినా మాకు తెలుసు సార్. మీరు ఎప్పుడు చెప్తరా అని చూసినం" అన్నాడు.

డీఎస్సీ రాయమని మేము మళ్లీ అడగలేదు. గదిలో వాళ్లే మొదలుపెట్టారు. మొత్తం 11,062 పోస్టులు, పరీక్షలు జూలైలో. పన్నెండు గంటల డ్యూటీ చేసి చదవడం ఎవరివల్లా కాదు. లెక్క వేసుకున్నారు. మొదటి భవనంలో ఖాళీ ఉందని ఆ సూపర్‌వైజరును అడిగి ఇతన్ని అక్కడికి మార్పించారు. వారానికి రెండు డ్యూటీలు ఇద్దరు పంచుకుని చేశారు. ఆ రోజుల జీతం ఎవరిదన్న ప్రశ్న వస్తే, "మన దగ్గర బదులు పని లేదా? నువ్వు రేపు నా పొలంల చెయ్యి" అని ఒకడు నవ్వాడు. నాట్ల కాలంలో ఈ ఇంటివాళ్లు ఆ ఇంటికి, ఆ ఇంటివాళ్లు ఈ ఇంటికి పోయే బదులు పని మాదాపూర్‌లో మళ్లీ మొలిచింది.

తోటి టీచర్లకు మేము చెప్పాలనుకున్నది ఇదే. ఆశ్రమ పాఠశాలలో పిల్లలు నీరసంగా ఉన్నారని, స్టాఫ్ రూములో ఎవరికీ మనసు లేదని మనం అనుకుంటాం. ఆటలు పెట్టే ముందు ఒకసారి మన మాటలు లెక్కపెట్టుకుందాం. 'వస్తుంది', 'చూద్దాం', 'అవుతుందిలే' అని ఎన్నిసార్లు అన్నాం, ఎన్ని నిలబెట్టాం? రాదని తెలిస్తే రాదని చెబుదాం. వంట చేసే అక్కను, రాత్రి కాపలా ఉండే అన్నను పేరు పెట్టి పిలుద్దాం. పిల్లలు అది చూసి నేర్చుకుంటారు.

నగరానికి పోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా ఒక మాట. ఒంటరిగా పోవద్దు, పోయినా ఒంటరిగా ఉండొద్దు. ధైర్యానికి కాగితం కూడా కావాలి. చేరిన నెలలోనే పీఎఫ్ యూఏఎన్ నంబరు అడగండి. జీతం 21,000 రూపాయలు దాటకపోతే ఈఎస్ఐ మీ హక్కు. జీతం చీటీ మీద కోత ఉండి ఖాతాలో జమ లేకపోతే ఒక్కరు అడిగితే వినరు, పదిమంది కలిసి అడగండి. తునికాకు కల్లం దగ్గర మన అమ్మలు అరవకుండానే అడిగారు, గుర్తుపెట్టుకోండి.

మా విద్యార్థి పరీక్ష రాశాడు. పోస్టు రాలేదు. ఫలితాలు వచ్చిన రోజు మేమే ముందు ఫోన్ చేశాం. ఓదార్చే మాటలు వెతుక్కుంటుంటే అతనే అన్నాడు, "మార్కులు తక్కువే వచ్చినయ్ సార్. లెక్కల్ల పోయింది. మళ్ల ఎప్పుడు పడుతదో తెలిస్తే నిజం చెప్పుండ్రి."

తెలియదని చెప్పాం. సరేనన్నాడు. గదిలో ఇంకొకతను టెట్‌కు చదువుతున్నాడట. ఈ వారం అతని రాత్రి డ్యూటీ తాను చేస్తున్నానని, వేళవుతోందని చెప్పి ఫోన్ పెట్టేశాడు.